ఎర్రమట్టిలో ఇసుక చార: హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక ఇంకుడుబావి తవ్వకం

పని చిన్నదే. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతున ఒక ఇంకుడుబావి. మేడమీద పడిన వాననీళ్ళు గొట్టంలోంచి దిగి, ఫిల్టరు దాటి అందులో పడాలి. బెంగళూరులో ఇలాంటివి చాలా వేయించాను. మామూలుగా నాలుగు రోజుల్లో రింగులు దించి, మూత పెట్టి, డబ్బులు తీసుకుని వచ్చేస్తాం. ఇది తొమ్మిది రోజులు పట్టింది. ఆ అదనపు అయిదు రోజుల సంగతే రాస్తున్నాను, ఎందుకంటే తప్పు మొదట నాదే.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో 50×80 సైటు. ముందిల్లు మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయనది. వెనకిల్లు ఆయన తమ్ముడిది. తమ్ముడు పోయాక మరదలు ఒక్కతే ఉంటోంది. పచ్చళ్ళు పెట్టి, ఇడ్లీపిండి రుబ్బి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు అమ్ముతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే గేటు. ఇద్దరి మీటర్లూ గేటుకు దూరంగా, కాంపౌండు గోడ ఎడమ మూలన ఒకే పెట్టెలో ఉన్నాయి. ముందిల్లుకీ కాంపౌండుకీ మధ్య 16 అడుగుల తోట. వాళ్ళ నాన్నగారికి చెట్ల పిచ్చి, అందుకే అంత జాగా వదిలారట. ఈ రోజుల్లో ఆ 16 అడుగుల్లో ఇంకో ఇల్లు లేపేసి ఉండేవారు.

2024 ఎండాకాలంలో వాళ్ళ బోరు ఎండిపోయింది. ఆ మార్చిలో ట్యాంకరు కోసం ఊరంతా ఎంత అల్లాడిందో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. వాననీటి సేకరణ బెంగళూరులో 2009 నుంచీ తప్పనిసరి. 60×40, అంతకంటే పెద్ద సైట్లలో ఉన్న పాత ఇళ్ళకూ అది వర్తిస్తుంది. ఈయన ఇన్నాళ్ళూ గొట్టం కింద ఒక నీలం డ్రమ్ము పెట్టి నెట్టుకొచ్చాడు. బోరు ఎండాక బావి గుర్తొచ్చింది. సంక్రాంతి వెళ్ళిన వారానికి పని మొదలుపెట్టాం.

తవ్వే ముందు కాగితాలు అడగడం నా అలవాటు. ఆయన బీరువాలోంచి మంజూరైన ప్లాను తీసిచ్చాడు, ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. ప్లానులో గోడలుంటాయి, తలుపులుంటాయి, సంపు ఉంటుంది. గోడల మధ్య నేలలో ఏ వైరు ఎటు పోతోందో అందులో ఉండదు. ఇల్లు కట్టినప్పటి ఎలక్ట్రీషియన్ బుర్రలో ఉండేది ఆ ప్లాను. ఆయనెక్కడున్నాడో ఎవరికీ తెలీదు.

అందుకని కాగితం పక్కన పెట్టి ఇంటి చుట్టూ తిరుగుతాను. నేలలోకి దిగేవన్నీ ఒక లెక్క, నేలలోంచి లేచేవన్నీ ఇంకో లెక్క. మీటరు పెట్టె కింద నుంచి ఎన్ని వైర్లు దిగుతున్నాయి? గేటు దీపానికి కరెంటు ఎక్కడి నుంచి వస్తోంది? బోరు మోటారు స్టార్టరు ఇంట్లో ఉంది, బోరు మూలన ఉంది, మధ్యలో ఆ వైరు ఏమైంది? సీసీ కెమెరా, ఇంటర్నెట్టు, గ్యాసు, కావేరి నీళ్ళ గొట్టం, శానిటరీ ఛాంబరు మూతలు. దిగిన చోటునీ లేచిన చోటునీ కలుపుతూ నేలమీద గీత గీస్తాను. ఈ గీత తిన్నగానే గీయాలి. వైరు వేసేవాడు మూలమట్టం పట్టుకుని గోడ వెంట వేయడు. మీటర్ల లెక్కన డబ్బులిచ్చే ఓనరు నెత్తిన నిలబడి ఉంటాడు కాబట్టి అడ్డంగా, దగ్గరి దారినే లాగుతాడు.

ఇక్కడ ఒక ముచ్చట. ఆయన కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో చూసి, "మార్కింగ్ ఎవరొచ్చి చేశారంకుల్?" అన్నాడు. వాళ్ళ దగ్గర 811కి ఫోన్ చేస్తే రెండు మూడు పనిదినాల్లో వచ్చి, పైసా తీసుకోకుండా, కరెంటుకు ఎరుపు, గ్యాసుకు పసుపు, నీళ్ళకు నీలం, మురుగుకు ఆకుపచ్చ, టెలిఫోనుకు నారింజ రంగు వేసి పోతారు. 2007 నుంచి ఆ దేశమంతా ఒకటే నంబరు. ఈ మాటలు విన్న ఇల్లాలు లోపలికెళ్ళి సంక్రాంతి ముగ్గులకు తెచ్చి మిగిలిన రంగుల పొట్లాలు పట్టుకొచ్చింది. "ఇవి పనికొస్తాయా నాయనా?" బ్రహ్మాండంగా పనికొచ్చాయి. అంత అందమైన మార్కింగ్ నా సర్వీసులో చూడలేదు.

మనకూ అలాంటిది ఒకటి వచ్చింది. 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్ మొదలుపెట్టారు. ఇష్టారాజ్యంగా తవ్వడం వల్ల దేశంలో ఏటా సుమారు 3,000 కోట్ల నష్టమని అప్పుడు చెప్పారు. ఎక్కడ తవ్వబోతున్నామో అందులో పెడితే, ఆ చోట నమోదైన గొట్టాలూ కేబుళ్ళూ ఉన్న సంస్థలకు కబురు వెళ్తుంది. టెలిఫోను కేబుళ్ళ విషయంలో ఇలా ముందుగా చెప్పి తవ్వాలని అదే ఏడాది జనవరిలో రూల్సు కూడా వచ్చాయి. కాంపౌండు గోడ బయట తవ్వాల్సి వస్తే నేను వాడతాను. అయితే అక్కడి 811 అయినా ఇక్కడి యాప్ అయినా సాధారణంగా మీటరు దాకానే. మీటరు దాటాక నేలలో ఉన్నది మీ సొంత ఆస్తి, దాని లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఈ మాట ఆ కుర్రాడికి చెబితే ఒక్క క్షణం ఆగి, "అవునంకుల్, మా స్ప్రింక్లర్ పైపు నేనే కోసేశాను," అన్నాడు.

గ్యాసు వాళ్ళకు బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేశాం. మనిషి వచ్చి, కుడివైపు గేటు స్తంభం పక్కన లైను దిగిన చోటు, వంటింటి గోడ దాకా వెళ్ళే దారి చూపించి పోయాడు. నేలలో ఉండే గ్యాసు గొట్టం ప్లాస్టిక్‌ది, యంత్రం పెట్టి వెతికినా దానంతటది దొరకదు. కాబట్టి ఆ కంపెనీ మనిషి వచ్చి చూపించేదాకా ఆగాల్సిందే. మేం తవ్వేది ఎడమవైపు కాబట్టి ఆ చింత తీరింది. శానిటరీ లైను కూడా కుడి సందులోంచే. సంపు పోర్టికో కింద. ఎడమవైపు తోట ఖాళీ అనుకున్నాం.

మిగిలింది ఒకటే ప్రశ్న. "వెనకింటికి కరెంటు ఎటు పోతోంది సార్?"

"అది పాతదంతా తీయించేశాను. 2012లో కొత్త పైపు వేయించాం కదా, అదిగో గోడ వెంట," అని చూపించాడు. నిజమే, ఎడమ కాంపౌండు గోడ వెంట బూడిదరంగు పైపు ఒకటి వెనక్కి పోతోంది. నేను తల ఊపాను. ఆ పైపు చివర పెట్టె మూత విప్పి చూసి ఉంటే రెండు నిమిషాల పని. విప్పలేదు. ఓనరు అంత ధీమాగా చెప్పినప్పుడు మూత విప్పడం మర్యాద కాదేమో అనిపించింది, అంతే. మర్యాదకు పోయి మనుషుల ప్రాణాల మీదకు తెచ్చేవాణ్ణి.

తవ్వడానికి వచ్చిన మేస్త్రి మన్ను వడ్డర్ల మనిషి, మట్టి తవ్వడమే కులవృత్తిగా ఉన్నవాళ్ళు. బెంగళూరులో బావులు తవ్విన చేతులు చాలావరకు వాళ్ళవే. వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. నా చిత్తూరు తెలుగు వింటే ఆయనకు సంబరం, ఆయన తెలుగు వింటే నాకు మా తాత గుర్తొస్తాడు. వెంట ఇద్దరు కుర్రాళ్ళు.

పక్కింట్లో అప్పుడే మినీ జేసీబీ పనిచేస్తోంది. "గంటలో తోడేస్తాడు, అడగమంటారా?" అన్నాడు ఓనరు. వద్దన్నాను. రాబోయే 20 అడుగుల్లో పై 4 అడుగులే మాకు భయం. ఆ నాలుగూ చేత్తోనే దిగాలి. గడ్డపార బండిలోనే ఉంచాం. చెక్క పిడి ఉన్న పారలతో, పొరలు పొరలుగా, మట్టిని పక్కకు గీకుతూ దిగడమే. పార మొన నిటారుగా గుచ్చకూడదు, ఏటవాలుగా పెట్టి చెక్కాలి. ఇలా చేస్తే అరపూట పని రోజున్నర అవుతుంది, కూలీ మూడింతలవుతుంది. ఒప్పుకునేటప్పుడే ఆ లెక్క చెప్పేస్తే తర్వాత గొడవుండదు.

ఎక్కడ తవ్వి చూడాలన్నది కూడా ఆలోచించాల్సిందే. చాలామంది బావి గుండ్రం మధ్యలో ప్లస్ గుర్తులా రెండు కాలువలు తీసి, ఏమీ తగల్లేదని గుండెలమీద చెయ్యి వేసుకుంటారు. వలయంలో ఒక మూలను కోసుకుంటూ పోయే వైరు ఆ ప్లస్‌కు దొరకదు. కాగితం మీద గీసి చూసుకోండి. అంచు వెంట గుండ్రంగా అడుగు వెడల్పున కాలువ తీస్తే మాత్రం ఏ వైపు నుంచి లోపలికొచ్చినా ఆ కాలువను దాటకుండా రాలేదు. మేం తవ్వబోయే గుంత, రింగుల చుట్టూ పోసే జల్లికి జాగా కలిపి, నాలుగున్నర అడుగుల వెడల్పు. ఆ అంచు మీద సున్నం గీసి, కాలువ మొదలుపెట్టాం.

ఉదయం పదకొండు గంటలప్పుడు మేస్త్రి పార ఆపేశాడు.

"ఇది కన్నెమన్ను కాదు సామీ. ఎవురో ముందే తవ్వి పూడ్సినారు."

నాకు మొదట ఏమీ తేడా కనబడలేదు. దిగి, వంగి చూశాను. కాలువ గోడ నున్నగా చెక్కి ఉంది. పైన ఆరంగుళాలు తోట కోసం తెచ్చిపోసిన నల్లమట్టి. దాని కింద ఎర్రమట్టి. ఆ ఎర్రమట్టి రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఒకవైపు గట్టిగా, వేలితో నొక్కితే దిగకుండా, సన్నటి గులకలు పొరలుగా పేర్చినట్టు ఉంది. ఇంకోవైపు అడుగున్నర వెడల్పున గుల్లగా, రంగు కలగాపులగంగా ఉంది. మధ్యలో ఇటుక ముక్క ఒకటి, పాలకవరు చిరుగు ఒకటి. పుట్టినప్పటి నుంచీ కదలని మట్టిలో పాలకవరు ఉండదు కదా. మేస్త్రి అరచేత్తో ఆ గుల్లమట్టిని నెమ్మదిగా గోకాడు. ఇంకో అంగుళం దిగేసరికి తెల్లటి ఇసుక, చారలా. నదిలో ఇసుక. ఈ తోటలో ఆ ఇసుకకు వేరే పనేమీ లేదు.

ఇసుక అంటే ఏదో ఒకటి పడుకోబెట్టారన్నమాట. కేబుల్ వేసేవాళ్ళు కిందా పైనా ఇసుక పోసి, దానిమీద ఇటుకలు అడ్డంగా పేర్చి పూడుస్తారు. తవ్వేవాడి పారకు ముందు ఇటుక తగిలి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడని. మేం చేతులతో ఇసుక తీశాం. ఒకటిముప్పావు అడుగుల దగ్గర వరసగా ఇటుకలు. మధ్యలో ఒక ఇటుక లేదు, ఆ ఖాళీలోంచి మర్రివేరు లాంటిది కనిపించింది. నల్లటి పైతొడుగు, రెండు వేళ్ళు కలిపినంత లావు. ఇనపతీగల కవచం ఉన్న నాలుగు కోర్ల (లోపల నాలుగు తీగలున్న) అల్యూమినియం కేబుల్. మా బావి గుంతను సరిగ్గా ఎడం నుంచి కుడికి ఏటవాలుగా కోస్తూ పోతోంది. నేలమట్టానికి 2 అడుగుల లోతు.

లోతు గురించి ఒక మాట. కేబుళ్ళు వేయడానికి మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 1255 ప్రకారం లో టెన్షన్ (ఇళ్ళకు వచ్చే మామూలు కరెంటు) కేబుల్ మీద కనీసం 75 సెంటీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు మట్టి ఉండాలి. 11 కేవీ (11,000 వోల్టులు) అయితే 90 సెంటీమీటర్లు, 33 కేవీకి 105. ఆ నంబర్లు కేబుల్ వేసిన రోజువి. తర్వాత తోట చదును చేసి ఉండొచ్చు, మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు, అసలు వేసినవాడే సోమరి అయ్యుండొచ్చు. అందుకే 'రెండడుగుల దాకా భయం లేదు' అనే మాటను నేను నమ్మను. నా లెక్క ఒకటే: కదలని మట్టి తగిలిన చోట, గుంత గోడ నాలుగు వైపులా అదే కనబడిన చోట గడ్డపారకు అనుమతి. అది అడుగున్నరకే తగలొచ్చు, అయిదడుగులకీ తగలకపోవచ్చు.

ఓనరు వచ్చి చూశాడు. "అదే పాతది. చచ్చిన వైరది, కోసి పారేయండి," అన్నాడు. ఆయన ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలిపించాడు. మంచి కుర్రాడే, పనిమంతుడే. జేబులోంచి పెన్ను లాంటి టెస్టరు తీసి కేబుల్‌కు ఆనించాడు. అది వెలగలేదు, కూయలేదు. "డెడ్ సార్." నేను కాదన్నాను. తర్వాత క్లాంప్ మీటరు తెచ్చి కేబుల్ చుట్టూ తగిలించాడు. సున్నా. "చూశారా?" అన్నట్టు నావైపు చూశాడు.

ఆ రెండు పరీక్షలూ అబద్ధం చెప్పాయి. చాలామంది ఎలక్ట్రీషియన్లకే ఇది తట్టదు, కాబట్టి కాస్త విప్పి చెబుతాను. దూరం నుంచి కరెంటును పసిగట్టే ఆ పెన్ను తీగ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రాన్ని పట్టుకుంటుంది. ఈ కేబుల్‌లో తీగల చుట్టూ ఇనప కవచం ఉంది, ఆ కవచం ఎర్త్‌కు కలిపి ఉంది. క్షేత్రమంతా కవచం లోపలే ఆగిపోతుంది. లోపల 400 వోల్టులు పరుగెత్తుతున్నా బయట పెన్ను నిద్రపోతుంది. క్లాంప్ మీటరుది ఇంకో కథ. అది ఒక్క తీగ చుట్టూ వేస్తే ఎంత కరెంటు పోతోందో చెబుతుంది. మొత్తం కేబుల్ చుట్టూ వేస్తే వెళ్ళేదీ తిరిగొచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసి సున్నా చూపిస్తుంది. వెనకింట్లో గ్రైండరు తిరుగుతున్నా సున్నానే.

ఇక మిగిలిన దారి రెండు చివరలనూ పట్టుకోవడం. నేలలో దొరికిన కేబుల్ రెండు చివరలూ కళ్ళతో చూసి, అవి విప్పి ఉన్నాయని తేలేదాకా అది బతికే ఉందనుకోవాలి. ఆ మధ్యాహ్నం కాలువ మీద చెక్క పలక కప్పి, చుట్టూ తాడు కట్టి, పని ఆపేశాం. కుర్రాళ్ళకు ఆ రోజు కూలీ ఇచ్చేశాను. ఓనరు ముఖం మాడ్చుకున్నాడు.

మర్నాడు కేబుల్ లొకేటరు అద్దెకు తెచ్చాను. రెండు పెట్టెలు. ఒకటి కూత పెట్టేది, ఒకటి వినేది. వినే పెట్టెను ఒక్కదాన్నే 'పవర్' మోడ్‌లో పట్టుకుని తోటంతా తిరిగితే ఈ కేబుల్ సన్నగా వినబడి, మాయమై, మళ్ళీ వినబడింది. మూడు ఫేజులూ కలిసి పోయే కేబుల్‌తో ఇదే తంటా. కరెంటు వాడకం లేనప్పుడైతే అసలే వినబడదు. అందుకే కూత పెట్టె కావాలి. దాని క్లాంపును మీటరు పెట్టె కింద దిగే కేబుళ్ళకు ఒక్కొక్కదానికీ తగిలించి, మేస్త్రి కొడుకును గుంత దగ్గర వినే పెట్టెతో నిలబెట్టాను. మొదటిది, ముందింటిది: చప్పుడు లేదు. రెండోది, వెనకింటి మీటరు నుంచి దిగేది: "కూస్తా ఉంది సార్! గట్టిగా కూస్తా ఉంది!"

అప్పుడు బూడిదరంగు పైపు పెట్టె మూత విప్పాను. అందులో కెమెరా వైరు, ఇంటర్నెట్టు, మోటారు వైరు. 2012లో వేసినవి అవే. వెనకింటి మెయిన్ కేబుల్ నేలలోనే, పెద్దాయన నాన్నగారు వేయించిన చోటే ఉంది. మీటరు మూల నుంచి కుడి సందు మొదటికి, తోటను ఐమూలగా దాటుకుంటూ. నేను మొదటిరోజు గీయాల్సిన తిన్నటి గీత అదే. గీసి ఉంటే అది బావి మధ్యలోంచి పోయేది.

రూఢి చేసుకోవడానికి లైను ఆపి చూడాలి. ఎలక్ట్రీషియన్ వెనకింట్లోకి వెళ్ళి మెయిన్ స్విచ్ దించబోయాడు. ఆపాను. అక్కడ దించితే ఇంట్లో కరెంటు పోతుంది, నేలలో కేబుల్ మాత్రం మీటరు దగ్గర నుంచి ఆ స్విచ్ దాకా బతికే ఉంటుంది. దించాల్సింది మీటరు తర్వాత మొదటి ఎంసీబీ (కరెంటు ఆపే చిన్న స్విచ్). దించి, టేపు చుట్టి, 'ఎవరూ ఎత్తవద్దు' అని అట్టముక్క కట్టి, ఒక మనిషిని అక్కడే నిలబెట్టాలి. మీటరుకు ముందున్నది కరెంటు కంపెనీ బెస్కాం వాళ్ళది, సీలు ముట్టుకోకూడదు.

వెనకింటావిడకు చెప్పడానికి వెళ్ళాను. గ్రైండరు తిరుగుతోంది. "పది నిమిషాలు ఆగు నాయనా, పిండి సగంలో ఉంది. ఇప్పుడు ఆగితే పాడైపోతుంది," అంది. ఆగాం. పిండి తీశాక ఎంసీబీ దించాం. వెనకిల్లు మొత్తం ఆరిపోయింది. ఆవిడ బయటికొచ్చి గుంతలోకి తొంగిచూసి, "మా ఇంటి కరెంటు ఇదా బావగారూ? దీన్నా నిన్న కోసెయ్యమన్నారు?" అంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఎలక్ట్రీషియన్ టెస్టరు జేబులో పెట్టుకున్నాడు.

నిన్న గడ్డపార దిగి ఉంటే ఏమయ్యేదని ఓనరు తర్వాత అడిగాడు. ఇనపరాడ్ కవచం చీల్చి ఫేజుకూ ఎర్త్‌కూ తగిలితే పెద్ద మంటతో పేలుతుంది. షాకు కంటే ముందు ఆ మంట ముఖాన్నీ చేతుల్నీ కాలుస్తుంది. ఫ్యూజు పోతే ఇంక భయం లేదని ఎవరో ఒకరు గుంతలో దిగుతారు. అది అన్నిటికంటే పెద్ద తప్పు. అవతల ఎవరో 'కరెంటు పోయింది' అని ఫ్యూజు వేసేస్తారు. రోడ్డు మీది 11 కేవీ అయితే సబ్‌స్టేషన్ వాళ్ళు కరెంటు మళ్ళీ ఇచ్చి చూడొచ్చు. దెబ్బ తగిలినవాణ్ణి కూడా కరెంటు ఆగిందని తేలేదాకా చేత్తో పట్టుకోకూడదు. దూరం జరిగి, మనుషుల్ని ఆపి, కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయాలి. జేసీబీ బకెట్టుకు కేబుల్ చిక్కితే డ్రైవరు క్యాబిన్లోనే కూర్చోవాలి. బండి అంటుకుంటే తప్ప దిగకూడదు. దిగాల్సొస్తే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళూ కలిపి దూకి, పాదాలు ఎత్తకుండా చిన్నచిన్న అడుగులతో దూరం పోవాలి. గ్యాసు గొట్టం తెగితే వేరు: ఇంజను ఆపి, గాలి వచ్చే వైపుగా పరుగెత్తి, దూరం వెళ్ళాకే ఫోను తీయాలి. గొట్టం చివర బురద పెట్టి మూయాలని చూసేవాళ్ళు ఉంటారు, వాళ్ళను చెయ్యి పట్టుకుని లాక్కుపోవాలి.

కేబుల్ మార్చాలా, బావి జరపాలా? కొత్త కేబుల్ గోడ వెంట వేయించడమే నాకు నచ్చిన దారి. ఖర్చు ఎవరిదనే దగ్గర బావామరదళ్ళ మధ్య మాట ఆగిపోయింది. ఆ పంచాయతీ మనకెందుకని బావిని 7 అడుగులు ఎడమకు, కాస్త ఇంటివైపు జరిపాం. కేబుల్‌కూ కొత్త గుంత అంచుకూ మధ్య దాదాపు మూడడుగులు మిగిలాయి. ఇంటి గోడకు గుంత అంచు అయిదడుగులు ఎడం. వాననీటి గొట్టానికి ఇంకో పొడవు పైపు పట్టింది, అంతే.

కొత్త చోట మళ్ళీ మొదటి నుంచి అంచు కాలువ. కుర్రాళ్ళు విసుక్కున్నారు. అడుగున్నర లోతులో, అంచుకు ఎనిమిది అంగుళాల బయట, పార పక్కకు చెక్కుతుంటే వెండిలా తళుక్కుమంది. జీఐ పట్టీ, అంటే జింకు పూత పూసిన ఇనప పట్టీ. మీటరు మూలలో ఉన్న ఎర్త్ గుంత నుంచి ఇంటికి పోయే పట్టీ అది, లీకైన కరెంటును నేలలోకి పంపేది. కరెంటు కేబుల్ కంటే నాకు దీన్ని చూస్తేనే ఎక్కువ భయం. కేబుల్ తెగితే పేలుతుంది, అందరికీ తెలుస్తుంది. ఎర్త్ పట్టీ చప్పుడు లేకుండా తెగుతుంది. దీపాలు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, తవ్వినవాడు 'ఏదో పాత రేకు' అని పక్కన పడేస్తాడు. ఏడాది తర్వాత గీజరులో లీకేజీ వచ్చి షాకు కొట్టిన రోజు తెలుస్తుంది. దానిమీద పీవీసీ పైపును నిలువునా సగానికి కోసి బోర్లించి, ఇసుక కప్పాం. పని అయ్యాక ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ కొలిపించాను. ఆ కుర్రాడు ఈసారి తనే నాకు మీటరు చూపించి మరీ రాసుకున్నాడు.

మూడడుగుల తొమ్మిదంగుళాల దగ్గర మేస్త్రి గుంత గోడ నాలుగు వైపులా అరచేత్తో తట్టి చూశాడు. ఒకే రంగు, ఒకే గట్టితనం, గులకల పొరలు చుట్టూ కలుస్తున్నాయి. పైకి చెయ్యి చాపాడు.

"ఇంగ గడ్డపార ఇయ్యండి సామీ."

అక్కడి నుంచి పని మామూలే. పన్నెండు అడుగుల దగ్గర గరుసు, పదిహేడు దగ్గర మెత్తబడిన రాయి. రింగులు దించాం, చుట్టూ జల్లి పోశాం.

పాత కాలువ పూడ్చేటప్పుడు మాత్రం నేనే నిలబడ్డాను. తవ్వి బయటపెట్టిన కేబుల్‌ను గాల్లో వేలాడనీయకూడదు, మట్టిగడ్డల మీద పడేయకూడదు. కింద ఇసుక పోసి, పైన ఇసుక పోసి, లేని ఇటుక కొత్తది పెట్టి, అడుగు లోతులో ఎర్రటి హెచ్చరిక టేపు పరిచి మట్టి కప్పాం. ఆ టేపుకు పెద్ద ఖర్చేమీ కాదు. పూడ్చకముందు, కొలటేపు గోడకు ఆనించి కేబుల్ దాకా లాగి ఫోటోలు తీశాను: ఎడమ గోడ నుంచి ఎంత, కాంపౌండు నుంచి ఎంత, పై నుంచి లోతెంత. చెట్టు నుంచి కొలతలు తీసుకోకూడదు. చెట్టు ఉంటుందో ఉండదో తెలీదు, గోడ ఉంటుంది.

లొకేటరు అద్దె, ఖాళీగా పోయిన కూలీ, అదనపు పైపు అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర తేలింది. మొదటిరోజు పైపు మూత విప్పి ఉంటే ఇందులో సగం మిగిలేది కాబట్టి సగం నేను పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ఓనరు 'అది పాతది' అంటే 'సరే సార్' అంటూనే స్క్రూడ్రైవరు తీస్తాను.

ఆ కొలతలతో ఒక బొమ్మ గీసి, ముగ్గు రంగుల్లోనే రంగులద్ది, లామినేషన్ చేయించి మీటరు పెట్టె తలుపు లోపలివైపు అంటించాం. వెనకింటావిడ ఒక జిరాక్సు అడిగి తీసుకుంది. గోడ వెంట కొత్త కేబుల్‌కు ఎంతవుతుందో కూడా అడిగింది. రాసిచ్చాను.